బాపు తెచ్చిన రెండు జతల బూట్లు: తోలుకు నెలకు పది నిమిషాలు చాలు

 

ఇయ్యాల కెమెరా జర కిందికి పెట్టిన, చూడుండ్రి. బల్ల మీద రెండు జతల బూట్లున్నయి. ఒకటి నల్లది, వేళ్ల దగ్గర మడత పడే చోట అడ్డంగా పలిగింది. ఇంకొకటి గోధుమ రంగుది. పైనుంచి చూస్తే కొత్తదే, కానీ తిప్పి చూస్తే కింద సోల్ లేదు. రెండూ మా బాపు సౌదీ నుంచి తెచ్చినయే. రెండూ ఖరాబైనయి. ఒకటి నా తప్పుతోని, ఇంకొకటి మా బాపు ప్రేమతోని. ఈ రెండింటి కథ చెప్తే తోలు బూట్లను ఎట్ల చూసుకోవాలన్నది సగం అర్థమైతది. మిగతా సగం నెలకు పది నిమిషాల పని, అది కూడా చూపిస్తా.

మన జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు ఇంటికో గల్ఫ్ మనిషి ఉంటడు. వాళ్లు వచ్చేటప్పుడు దుప్పటి తెస్తరు, సెంటు తెస్తరు, టార్చిలైటు తెస్తరు. చానా మంది ఒక జత సేఫ్టీ బూట్లు కూడా తెస్తరు. ముక్కు దగ్గర ఇనుము ఉండే బరువు బూట్లు. మా బాపు 2014ల వాపస్ వచ్చినప్పుడు రెండు జతలు తెచ్చిండు. నల్లవి ఆయన సైట్‌ల వేసుకున్నయి, రబ్బరు సోల్. గోధుమ రంగువి కొత్తవి, ఒక్కనాడు కూడా తొడగలే. "ఇవి నీకు, నౌకరికి పోయిననాడు వేసుకో" అని డబ్బాతో సహా బీరువా మీద పెట్టిండు.

నాకు నౌకరి రావడానికి ఎనిమిదేండ్లు పట్టింది. అది వేరే ఎపిసోడ్.

2022 ఎండకాలంల హైదరాబాద్‌ల ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. సైట్ చూపిస్తం, సేఫ్టీ బూట్లు వేసుకొని రండ్రి అన్నరు. డబ్బా దించినం. బాపే తన చేత్తోని లేసులు కట్టిండు. నేను వాకిట్ల అటు ఇటు నడిచిన. నాలుగో అడుగుకో ఐదో అడుగుకో కింద ఏదో మెత్తగ అయింది. వెనక్కి చూస్తే నేను నడిచిన తొవ్వంతా నల్లటి ముక్కలు, చాయ్‌ల నానిన బిస్కెట్ లెక్క. సోల్ మొత్తం పొడి పొడి అయిపోయింది. బాపు ఏమనలే. చీపురు తెచ్చి ఊడ్చిండు.

అప్పుడు మేము కంపెనీ మోసం అనుకున్నం. కాదు. చానా సేఫ్టీ బూట్లకు, స్పోర్ట్స్ షూలకు పాలీయురేథేన్ అనే మెటీరియల్‌తో సోల్ చేస్తరు, పీయూ సోల్ అంటరు. తేలిగ్గుంటది, మెత్తగుంటది. కానీ గాలిల ఉండే తేమ దాన్ని లోపలినుంచి మెల్లగ విడగొడతది. దానికి హైడ్రాలిసిస్ అని పేరు. వేడి, తేమ రెండూ ఉన్న జాగల ఇంకా తొందరగ అయితది. వాడకుంటే ఆగుతదా అంటే ఆగదు, బీరువా మీద డబ్బాల మూసిపెట్టినా దాని పని అది చేసుకుంటనే పోతది. కొన్నేండ్లకు చూడనీకి మంచిగనే కనిపిస్తది, తొడిగి నడిచిననాడు కూలుతది. దీన్ని ఏ క్రీమూ ఆపలేదు. కాబట్టి ఇంట్ల ఎవరన్నా గల్ఫ్ నుంచి తెచ్చిన బూట్లు "మంచి రోజు" కోసం దాచిపెట్టి ఉంటే, దయచేసి ఇయ్యాలనే దించుండ్రి. బొటనవేలితో సోల్‌ను గట్టిగ నొక్కి, వంచి చూడుండ్రి. పొడి రాలకుంటే రేపటినుంచి వేసుకోండ్రి. వాడినా ఒకనాడు పోతయి, కానీ అప్పటికి మీరు వాటిని వాడుకునే ఉంటరు కదా.

ఇగ మిగిలింది నల్ల జత. ఇంటర్వ్యూ రెండు రోజులల్ల ఉన్నది. బాపు వాటిని పసుపు చేన్లకు కూడా వేసుకుపోయేటోడు, మట్టి పట్టి ఉన్నయి. నేను ఏం చేసిన? బకెట్ నిండ నీళ్లు, సర్ఫ్, బట్టల బ్రష్. మంచిగ రుద్ది రుద్ది కడిగిన. తర్వాత రేకుల మీద ఎండల పెట్టిన. మే నెల. మన జగిత్యాల జిల్లాల మే నెల ఎండ ఎట్లుంటదో మీకు చెప్పాల్సిన పని లేదు, 45 డిగ్రీలు దాటిన రోజులుంటయి. అది నీడల లెక్క. రేకు మీద చెయ్యి పెడితే బొబ్బ వస్తది. సాయంత్రం తీస్తే బూట్లు కట్టె లెక్క అయినయి. కాలు దూరలే. బలవంతంగ దూర్చి ముందుకు వంగిన, "టప్" అన్నది. అదిగో ఆ పగులు అదే.

జగిత్యాల బస్టాండ్ దిక్కు చెట్టు కింద కూసుండే ఒక పెద్దమనిషి దగ్గరికి పట్టుకపోయిన. "కాకా, ఏమన్నా చెయ్" అన్న. ఆయన ఆ పగుల మీద బొటనవేలు పెట్టి అటు ఇటు వంచి చూసిండు. "ఎండల పెట్టినవా?" అన్నడు. నేనేం చెప్పకముందే. తర్వాత ఒకటే మాటన్నడు: "బిడ్డా, ఎండిన తోలుకు మందున్నది. పలిగిన తోలుకు లేదు. కుట్టేస్తా, కానీ అది కుట్టే, తోలు కాదు."

నేను ఈ వీడియో చేసేదే ఆ మాట కోసం. తోలుకు మనం చేసే సేవ అంతా పగులు రాకముందే చెయ్యాలె. వచ్చినంక డబ్బాలు డబ్బాలు క్రీము పూసినా తెగిన పోగులు మళ్లీ అతుక్కోవు.

ఎందుకో ఒక్క నిమిషం చెప్తా, సైన్స్ క్లాస్ అని స్కిప్ కొట్టకుండ్రి. తోలంటే చర్మమే. దాంట్ల కొలాజెన్ అనే సన్నని పోగులు ఉంటయి. సిరిసిల్ల సాంచా మీద నేసిన బట్ట లెక్క వరుసగ ఉండవు, చిక్కుపడ్డ దూది లెక్క అన్ని దిక్కులకు అల్లుకొని ఉంటయి. తోలుకు బలం ఆ చిక్కుతోనే వస్తది. పచ్చి చర్మాన్ని అట్లనే వదిలేస్తే కుళ్లుతది, ఎండబెడితే రేకు లెక్క గట్టిపడతది. డప్పు చూసినరు కదా? కొట్టే ముందు మంట దగ్గర కాగబెడతరు. వేడికి చర్మం బిగుసుకుంటది, అప్పుడు మోత వస్తది. డప్పుకు అది కావాలె. బూటుకు అదే అయితే? నేను రేకుల మీద చేసింది అదే, బూటును డప్పు చేసిన.

చర్మం కుళ్లకుండ, బిర్రుగ కాకుండ ఉండేతందుకు టానింగ్ చేస్తరు. మన దిక్కు పాతకాలంల మాదిగ వాడలల్ల లంద అని ఉండేది, చెట్ల చెక్క నీళ్లల్ల తోళ్లు నానబెట్టే తొట్టి. దాంట్ల వాడే చెక్కలల్ల ముఖ్యమైంది తంగేడు. అవును, మనం బతుకమ్మ మీద పెట్టే తంగేడే, మన రాష్ట్ర పుష్పం. ఇంగ్లీషుల దానికి టానర్స్ కాసియా అనే పేరు కూడా ఉన్నది, అంటే తోలు శుద్ధి చేసేటోళ్ల చెట్టు అని. పువ్వును నెత్తిన పెట్టుకొని, అదే చెట్టు చెక్కతో పని చేసిన చేతులను ఊరి బయట పెట్టిన సమాజం మనది. ఈ మాట అనకుండ తోలు గురించి మాట్లాడబుద్ధి కాలే నాకు. సరే, ముందుకు పోదాం.

ఇప్పుడు బజార్ల దొరికే బూట్లల్ల ఎక్కువ శాతం క్రోమ్ టానింగ్ తోలు. ఏ పద్ధతైనా, చివరకు తోలుకు నూనె పట్టిస్తరు. ఆ నూనె పోగుల మధ్యల ఉండి, ఒకదాని మీద ఒకటి జారనిస్తది. అందుకే బూటు మీరు అడుగేసినప్పుడల్లా వంగుతది, పలగది. సర్ఫ్ ఆ నూనెను గుంజుకపోతది, ఎందుకంటే దాని పనే జిడ్డు తియ్యడం. తర్వాత వేడి మీద జల్ది ఆరితే పోగులు ఒకదానికొకటి అంటుకుంటయి. అప్పుడు వంచితే జారవు, తెగుతయి. నీళ్లు ఒక్కటే అయితే బూటుకు అంత పగ కాదు. సబ్బు, వేడి జతైతేనే చంపుతయి.

ఇగ పనికి వద్దాం. నేను బద్ధకస్తుణ్ణి. నాకు యూట్యూబ్‌ల చూపించే పన్నెండు డబ్బాలు, ఏడు బ్రష్‌లు వద్దు. నా దగ్గర ఉన్నయి మూడే: వెంట్రుకల బ్రష్ ఒకటి, పాత కాటన్ బనీను ముక్కలు, రంగు లేని షూ క్రీమ్ ఒకటి. న్యూట్రల్ అని రాసి ఉంటది డబ్బా మీద.

ఇంటికి రాగానే బూటు విప్పి ఇరవై సెకన్లు బ్రష్ కొట్టుండ్రి. మన 63వ నంబర్ హైవే మీద బండి నడిపేటోళ్లకు దుమ్ము సంగతి తెలుసు. ఆ దుమ్ము సన్నని ఇసుక, మడతల కూసుంటే మీరు అడుగేసినప్పుడల్లా గీకుతనే ఉంటది. నన్నడిగితే క్రీము కంటే బ్రష్షే ముఖ్యం. పైసలు ఒక్కదానికే ఉంటే బ్రష్ కొనుండ్రి. లేసు విప్పకుండ కాలు గుంజుడు, మడిమ తొక్కి తొడుగుడు, ఇవి కూడా మానుకోవాలె. మడిమ దగ్గర అట్ట ఒక్కసారి ఇరిగిందంటే మళ్ల నిలబడదు.

వేసుకున్న జతను తెల్లారి వేసుకోకుంటే ఇంకా మంచిది. కాలుకు చెమట మస్తు పడతది, అది తోలు పీల్చుకుంటది, ఆరనీకి ఒక దినం కావాలె. నాకు ఒకటే జత ఉంది అంటరా, రాత్రి లేసులు వదులు చేసి, నాలుక పైకి లేపి, లోపల పేపర్ ఉండలు పెట్టి ఫ్యాన్ గాలికి వదిలేయుండ్రి.

నెలకొకసారి పది నిమిషాలు కూసోవాలె. లేసులు తియ్యి, బ్రష్ కొట్టు, బనీను ముక్కను తడిపి గట్టిగ పిండి తుడువు. తడి గుడ్డ కావాలె, నీళ్లు కారే గుడ్డ కాదు. చెమట ఉప్పు తెల్ల గీతలు ఉంటే అదే గుడ్డతో రెండు మూడుసార్లు తుడిస్తే పోతయి. నీడల ఒక గంట వదిలేయ్. ఇంతే. క్రీము ప్రతి నెల అవసరం లేదు, రోజూ వేసుకునే బూటుకైనా రెండు మూడు నెలలకు ఒకసారి చాలు. ఎప్పుడు పెట్టాల్నో తోలే చెప్తది. మడత దగ్గర రంగు వెలిసినట్టు, ముట్టుకుంటే గరుకుగ ఉంటే పెట్టే టైమైంది. ఒక్కో బూటుకు బఠాణీ గింజంత తీసుకోని, గుడ్డకు పట్టించి, పలచగ పుయ్యాలె. మడతలల్ల, కుట్ల దగ్గర కొంచెం ఎక్కువ. ఒక రాత్రి వదిలి, పొద్దున బ్రష్ కొట్టు. ఎక్కువ పూస్తే మంచిదనుకోకుండ్రి. తోలు తాగాల్సినంత తాగుతది, మిగిలింది పైన జిగటగ ఉండి దుమ్మును పిలుస్తది.

మరి చెర్రీ బ్లాసమ్, కివీ డబ్బాలు? అవి ఖరాబు కావు. కానీ ఆ గట్టి పాలిష్‌ల ఉండేది ముఖ్యంగ మైనం, రంగు. మెరుపు వస్తది, నీటి చుక్క జారుతది. తోలు లోపలికి పోయేది తక్కువ. కాబట్టి క్రీము పెట్టినంక, కావాలంటే, పైన పాలిష్. స్పాంజి ఉండే లిక్విడ్ షైన్ సీసా మాత్రం అర్జెంటుకే వాడుండ్రి, పెండ్లికి పోయే ముందు బస్టాండ్‌ల. రోజూ రాస్తే పొర మీద పొర కట్టి, మడత దగ్గర పెచ్చులు లేస్తది.

అందరు అడిగేది ఇంకొకటి: "అన్నా, ఇంట్ల ఉన్న కొబ్బరి నూనె పెట్టొచ్చా?" నేను పెట్టి చూసిన. చలికాలం పొద్దున నూనె సీసా గడ్డ కట్టుడు చూసినరు కదా, సుమారు 24 డిగ్రీల కిందికి పోతే గడ్డ కడతది. తోలు లోపల కూడా అంతే, చలికి తెల్లగ మసక లెక్క పైకి తేలవచ్చు. పొద్దుతిరుగుడు నూనె, పల్లి నూనె అసలే వద్దు, గాలికి జిగటైతయి, వాసనొస్తయి. ఆముదం వేరే సంగతి. అది గాలికి గట్టిపడదు, తోళ్ల పరిశ్రమల కూడా ఆముదంతో చేసిన నూనెలు వాడతరు. పల్లెల వేసుకునే మందం తోలు చెప్పులకు, బెల్టులకు రెండు చుక్కలు గుడ్డకు రాసి తుడిస్తే పనికొస్తది, రంగు కొంచెం ముదురుతది. ఆఫీసు షూకు మాత్రం ఏ వంటింటి నూనె వద్దు, క్రీమే.

మీ బూటు అసలు తోలేనా కూడా చూసుకోండ్రి. లోపల లేబుల్ మీద చాపిన తోలు ఆకారం బొమ్మ ఉంటే తోలు, డైమండ్ బొమ్మ ఉంటే వేరే మెటీరియల్. లేబుల్ లేకపోతే నాలుక అంచు చూడుండ్రి. కోసిన చోట సన్నని పీచు కనబడితే తోలు, కింద బట్ట కనబడి పైన పొర ఉంటే రెగ్జిన్. రెగ్జిన్‌కు తడి గుడ్డ చాలు, క్రీము దండగ. దాని పొర లేచిందంటే లేచినట్టే. ముట్టుకుంటే మఖ్మల్ లెక్క ఉండే స్వేడ్‌కు నూనె, క్రీము ఏదీ పెట్టొద్దు, ఒట్టి బ్రష్షే.

సిరిసిల్ల తమ్ముళ్లకు ఒక మాట. గుడ్డ పేలికలకు మీ ఊర్ల కరువు లేదు, కానీ సాంచాల మీద నేసేది ఎక్కువ పాలిస్టర్. అది నీళ్లు పీల్చదు, క్రీమును సమంగ పరచదు. పాత కాటన్ లుంగీనో బనీనో వెతుకుండ్రి. వానకాలం బూజు గురించి కూడా మీ దిక్కునుంచే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. బూటును పాలిథిన్ కవర్ల కట్టి పెట్టినవు కదా తమ్ముడూ, అదే కారణం. లోపలి తేమ బయటికి పోలేక బూజు పట్టింది. బూటును ఇంటి బయటికి తీసుకపోయి బ్రష్ కొట్టు, ఇంట్ల కొట్టకు, బూజు వేరే బూట్లకు కూడా పాకుతది. తర్వాత సగం నీళ్లు సగం సర్జికల్ స్పిరిట్ కలిపి గుడ్డతో తుడువు. ముందుగల లోపలి దిక్కు ఒక మూల చూసుకో, రంగు దిగుతదేమో. నీడల బాగ ఆరినంక జరంత క్రీము. మళ్ల పెట్టేటప్పుడు బట్ట సంచిల పెట్టు.

వానల మొత్తం తడిసినయి అనుకో, ఏం భయం లేదు. మట్టి తుడువు, లోపలి అట్ట బయటికి తియ్యి, పేపర్ కుక్కు, రెండు గంటలకు ఆ పేపర్ మార్చు, ఫ్యాన్ కింద పక్కకు పడుకోబెట్టు. ఒకటి రెండు దినాలు పట్టనీ. పొయ్యి దగ్గర వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఫ్రిజ్ వెనకాల వద్దు, బండి ఇంజన్ మీద అసలే వద్దు. ఆరినంక క్రీము పెట్టు.

ఇగ కొండగట్టు. గుడికి పోయినప్పుడు బూట్లు ఎండల ఇడిసి లైన్ల రెండు మూడు గంటలు నిలబడతం. బండి మీద పోతే డిక్కీల రబ్బరు చెప్పులు పెట్టుకపోండ్రి, బయట ఇడిసేది అవి. వేములవాడకైనా అంతే. హనుమాన్ మాల వేసుకునేటోళ్లు 41 దినాలు కాళ్లకు ఏం తొడగరు, అది కూడా ఎండకాలంల. ఆ ఆరు వారాలు బూట్లు మూలకు పడి ఎండుతయి. మాల వేసే ముందు రోజు తుడిచి, క్రీము పెట్టి, పేపర్ కుక్కి బట్ట సంచిల పెడితే, మాల తీసిననాడు తొడుక్కోవచ్చు.

నేను ఆ ఇంటర్వ్యూకు కుట్టు వేసిన ఆ నల్ల బూట్లతోనే పోయిన. నౌకరి వచ్చింది. తర్వాత మొదటి జీతంల బూట్లు కొనుక్కున్న, అవే ఇప్పుడు నా కాళ్లకున్నయి, నాలుగో ఏడు నడుస్తున్నది. ఒకసారి సోల్ మార్పించిన, అదే కాకా దగ్గర. సోల్ అరిగితే మార్చొచ్చు, కుట్టు తెగితే వేయించొచ్చు, మడిమ అరిగితే ముక్క వేయించొచ్చు. పైతోలు బాగుంటేనే ఇవన్నీ. మీ ఊర్ల చెట్టు కింద కూసునేటాయన దగ్గరికి పోతే బేరం జర తక్కువ చెయ్యండ్రి. కొత్త జతకు రెండు వేలు ఫోన్‌ల నొక్కి, ఆయన అడిగిన యాభైకి ముప్పై అనుడు నాకు కూడా అలవాటుండె. ఆ రోజు బొటనవేలు పెట్టి చూసి ఒక్క మాటల చెప్పినంక మానుకున్న.

గోధుమ రంగు జతను కూడా ఆయనకు చూపెట్టిన. పైతోలు మంచిగున్నది, రబ్బరు సోల్ కొత్తగ అంటించి కుడతా అన్నడు. సైజు బాపుకు కూడా సరిపోతది. ఇయ్యాల షూటింగ్ అయినంక ఇస్తా. బాపుకు చెప్పలే, ఈ వీడియో ఆయన చూడకముందే తేవాలె. ఉంటా మరి.